శలాక నుండి బ్యాలెట్ వరకు: 1977 ఎన్నికలు

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ అంబేడ్కర్ చేసిన ప్రసంగం మన ఉపాసకులకు కొత్తది కాదు. ప్రజాస్వామ్యం ఈ నేలకు పరాయిది కాదనీ, సభలో ఆసనాల ఏర్పాటు, తీర్మాన ప్రతిపాదన, కనీస హాజరు, ఓట్ల లెక్కింపు వంటి నియమాలన్నీ భిక్షుసంఘాలకు తెలుసుననీ ఆయన ఆనాడు గుర్తు చేశారు. మన సభల్లో ఈ మాటను సగర్వంగా ఉదహరిస్తుంటాము. అయితే ఆ వెంటనే ఆయన ఒక సందేహాన్ని కూడా సభ ముందుంచారు. ఒకసారి పోగొట్టుకున్న ఆ వ్యవస్థను ఈ దేశం రెండవసారి పోగొట్టుకోదన్న నమ్మకం ఏమిటన్నది ఆ సందేహం. రాజకీయాల్లో వ్యక్తిభక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని కూడా అదే ప్రసంగంలో హెచ్చరించారు. ఈ రెండవ సగాన్ని మనం తక్కువగా తలచుకుంటాము.

ఆ ప్రసంగానికి పాతికేళ్ళు దాటిన కొద్ది నెలలకే, 1975 జూన్ 25 రాత్రి, ఆయన భయపడినదే జరిగింది. మరో ఇరవై ఒక్క నెలలకు పోయినది తిరిగి వచ్చింది. తిరిగి తెచ్చినది ఆయుధం కాదు, న్యాయస్థానం కాదు, పార్లమెంటు కాదు. కాగితం మీద రబ్బరు ముద్ర తెచ్చింది. ఆ ముద్ర అంత పని ఎట్లా చేయగలిగింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది ఈ వ్యాసానికి విషయం. దానిని తెలుసుకోవడానికి ముందు వినయపిటకంలోకి ఒకసారి వెళ్ళి రావాలి. అక్కడ ఓటును గురించి మనవారు ఆలోచించినంత నిశితంగా ప్రాచీన ప్రపంచంలో ఆలోచించినవారు అరుదు.

భిక్షుసంఘంలో వివాదాలను తీర్చే ఏడు పద్ధతులను వినయం చెప్పింది. వాటిలో ఒకటి యేభుయ్యసిక, అంటే అధిక సంఖ్యాకుల అభిప్రాయాన్ని బట్టి నిర్ణయించడం. అందుకు వాడే సాధనం శలాక. వెదురుతోనో కొయ్యతోనో చేసిన చిన్న పుల్ల అది. విహారంలో అన్నం పంచడానికి కూడా ఇటువంటి శలాకలనే వాడేవారు. తిండికీ అభిప్రాయానికీ ఒకే రకం పుల్ల! భిక్షువు ఏ కులం నుండి వచ్చినా ఆ పుల్లకు పొడవు మారదు.

శలాకలు పంచే భిక్షువును సంఘమే ఎన్నుకోవాలి. అతనికి ఐదు యోగ్యతలుండాలి. ఇష్టానికి లొంగనివాడు, ద్వేషానికి లొంగనివాడు, మోహానికి లొంగనివాడు, భయానికి లొంగనివాడు, ఏ శలాక తీసుకోబడినదో ఏది తీసుకోబడలేదో తెలిసినవాడు అయి ఉండాలి. మొదటి నాలుగూ శీలానికి సంబంధించినవి. చివరిది ఒట్టి లెక్క. ఎన్నికల అధికారికి ఈనాటికీ ఇంతకు మించిన యోగ్యత చెప్పనవసరం లేదు.

పంచే పద్ధతులు మూడు. ఒకటి రహస్యంగా, రెండవది చెవిలో చెప్పి, మూడవది బహిరంగంగా. రహస్య పద్ధతిలో శలాకలకు రెండు రంగులు వేస్తారు. పంచే భిక్షువు ఒక్కొక్కరి వద్దకు వెళ్ళి, ఇది ఈ అభిప్రాయం గలవారి శలాక, ఇది ఆ అభిప్రాయం గలవారి శలాక, మీకు ఇష్టమైనది తీసుకోండి, ఎవరికీ చూపకండి అని చెప్పాలి. గురువు ఎదుట శిష్యుడికీ పెద్దల ఎదుట చిన్నవాడికీ ఉండే సంకోచాన్ని ఎరిగినవారు చేసిన నియమం ఇది.

అంతకంటే విలువైనది మరొకటి ఉన్నది. ఓటు తీసుకోవడం ఎప్పుడు చెల్లదో వినయం పది కారణాలు చెప్పింది. విషయం అల్పమైనప్పుడు చెల్లదు. విషయం చర్చలో నడవవలసినంత దూరం నడవక ముందే తీసుకుంటే చెల్లదు. ఆ ఓటు వల్ల సంఘం చీలుతుందని తెలిసి తీసుకుంటే చెల్లదు. సంఘమంతా కూడకుండా ముఠాగా తీసుకుంటే చెల్లదు. తమ నిజమైన అభిప్రాయాన్ని బట్టి కాక మరోలా శలాకలు తీసుకుంటే చెల్లదు. అంటే పుల్లలు పంచినంత మాత్రాన అది నిర్ణయం కాదన్నమాట. పంచడానికి ముందు జరగవలసినవి జరిగాయా అన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్న వేయకపోతే ఏమవుతుందో చెప్పే కథ కూడా చుల్లవగ్గలోనే ఉన్నది. దేవదత్తుడు సంఘాన్ని చీల్చదలచి ఐదు కఠిన నియమాలను ముందుకు తెచ్చాడు. ఉపోసథ దినాన స్వయంగా లేచి శలాకలు పంచాడు. వజ్జి దేశం నుండి కొత్తగా వచ్చి దీక్ష పొందిన ఐదువందల మంది భిక్షువులు, ఇదే ధమ్మమనీ ఇదే వినయమనీ నమ్మి, శలాకలు తీసుకున్నారు. పద్ధతి చూడబోతే సక్రమంగానే కనిపిస్తుంది. పుల్లలున్నాయి, తీసుకున్నవారున్నారు, సంఖ్య ఉన్నది. కాని పంచినవాడే ఒక పక్షం, తీసుకున్నవారికి విషయమే తెలియదు. సారిపుత్త మొగ్గల్లానులు గయాశీర్షానికి వెళ్ళి, బోధించి వారిని వెనుకకు తీసుకువచ్చారు. వారికి మళ్ళీ ఉపసంపద ఇవ్వవలసి ఉంటుందా అని అడిగితే తథాగతుడు వద్దన్నాడు. తప్పు ఒప్పుకుంటే చాలునన్నాడు. తప్పు శలాక తీసుకున్నవాడు సంఘానికి పరాయివాడు కాలేదు. ఈ చిన్న వివరాన్ని గుర్తుంచుకోవాలి. దీనితో ముందు పని ఉన్నది.

ఇక్కడ ఒక చిక్కును దాటవేయకూడదు. రహస్యంగా పంచిన శలాకలను లెక్కించినప్పుడు అధర్మవాదులే అధికంగా ఉన్నారని తేలితే, పంచిన భిక్షువు ఆ ఓటును చెల్లనిదిగా ప్రకటించవచ్చునని వినయం అంటుంది. మన వక్తలు కొందరు ఈ భాగాన్ని వదిలివేసి భిక్షుసంఘాన్ని నేటి పార్లమెంటుతో సమానం చేస్తారు. అది సరి కాదు. ఒకే ధమ్మాన్ని అంగీకరించి, ఒకే శీలానికి కట్టుబడిన చిన్న సమూహంలో అటువంటి నియమం నిలుస్తుందేమో గాని, దేశంలో నిలవదు. అధికారంలో ఉన్న ప్రతివాడూ ధర్మం తన వైపే ఉందంటాడు. లెక్క పెట్టేవాడికి ఫలితాన్ని కొట్టివేసే హక్కు కూడా ఇస్తే ఇక లెక్క పెట్టడమెందుకు?

బాబాసాహెబ్ ఈ తేడాను ఎరిగి పనిచేశారనడానికి రాజ్యాంగమే సాక్ష్యం. అధిక సంఖ్యాకులు తప్పుదారి పట్టకుండా కాచే పనిని ఆయన లెక్క పెట్టేవారికి అప్పగించలేదు. దానిని ప్రాథమిక హక్కుల అధ్యాయంలో పెట్టి, సుప్రీంకోర్టును కాపు ఉంచారు. ఎన్నికల సంఘానికి మాత్రం శలాకాగ్రాహకుని ఐదు యోగ్యతలే మిగిలాయి. 1949 జూన్ 15న ఎన్నికల సంఘానికి సంబంధించిన అధికరణాన్ని ప్రతిపాదిస్తూ, కొన్ని రాష్ట్రాల్లో జాతి, భాష, సంస్కృతి వేరన్న నెపంతో కొందరిని జాబితాలకు ఎక్కనివ్వడం లేదన్న ఫిర్యాదులను ఆయన ప్రస్తావించారు. ఓటు హక్కు ఉన్న ఏ ఒక్కరూ స్థానిక ప్రభుత్వపు దురభిప్రాయం వల్ల గాని, ఒక అధికారి ఇష్టాయిష్టాల వల్ల గాని జాబితాకు దూరం కాకూడదన్నది ఆయన వాదన. అందుకే ఎన్నికల యంత్రాంగమంతా దేశమంతటికీ ఒకే స్వతంత్ర సంఘం కిందికి వచ్చింది. మతం, జాతి, కులం, లింగం ఆధారంగా ఎవరినీ జాబితా నుండి తప్పించరాదని 325వ అధికరణం, వయోజనులందరికీ ఓటు అని 326వ అధికరణం చెప్పాయి.

ఓటు మీద ఆయనకు గల పట్టుదల ఆనాటిది కాదు. 1919 జనవరిలో, ఇంకా ముప్పై ఏళ్ళు నిండని అధ్యాపకుడిగా, సౌత్‌బరో కమిటీ ముందు అస్పృశ్యుల ఓటు హక్కు కోసం సాక్ష్యమిచ్చారు. ప్రాతినిధ్యం పొందే హక్కు, రాజ్యంలో పదవి పొందే హక్కు అనే రెండూ పౌరసత్వానికి ప్రాణం వంటివని వాదించారు. ఆ ఓటే ఆయనను 1952లో ఉత్తర బొంబాయిలో, 1954 ఉప ఎన్నికలో భండారాలో ఓడించింది. అంతమాత్రాన వయోజన ఓటు తొందరపాటు అయిందని ఆయన అనలేదు.

మొదటి సాధారణ ఎన్నికల జాబితాకు 17 కోట్లకు పైగా పేర్లు ఎక్కాయి. ఫలానా వారి భార్య అనో, ఫలానా వారి కూతురు అనో తప్ప సొంత పేరు చెప్పని సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లను ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ తొలగించవలసి వచ్చింది. ఓటు కావాలంటే స్త్రీ తన పేరు తాను చెప్పాలి. తరువాతి ఎన్నికలకు ఆ పేర్లు చాలావరకు జాబితాకు ఎక్కాయి. మొదటి ఎన్నికల్లో ఒక్కొక్క అభ్యర్థికి గుర్తు అంటించిన ఒక్కొక్క పెట్టె పెట్టారు. రంగు శలాకలకు అది దూరపు చుట్టమే. ఆ తరువాత పెట్టె ఒకటే అయింది, గుర్తులు కాగితం మీదికి వచ్చాయి.

ఇక 1975. జూన్ 12న అలహాబాదు హైకోర్టు రాయ్‌బరేలీ నుండి శ్రీమతి ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని తీర్పు చెప్పింది. పదమూడు రోజులకు ఎమర్జెన్సీ వచ్చింది. జయప్రకాశ్ నారాయణ్ మొదలు జిల్లా స్థాయి కార్యకర్తల దాకా లక్షకు పైగా మంది విచారణ లేకుండా నిర్బంధంలోకి వెళ్ళారు. పత్రికల మీద సెన్సారు కూర్చున్నది. దేశమూ ఇందిరా ఒకటేనని కాంగ్రెసు అధ్యక్షుడు దేవకాంత్ బరువా ప్రకటించారు. వ్యక్తిభక్తిని గురించి బాబాసాహెబ్ చెప్పినదానికి ఇంతకంటే ఉదాహరణ వెతకనక్కరలేదు.

బాబాసాహెబ్ కట్టిన కంచెలు ఒకటొకటిగా ఒరిగిన తీరును కొంచెం నిలిచి చూడాలి. పార్లమెంటు 39వ సవరణ ద్వారా ప్రధానమంత్రి ఎన్నిక వివాదాన్ని న్యాయస్థానాల పరిధి నుండి తప్పించింది. ఆ భాగాన్ని సుప్రీంకోర్టు 1975 నవంబరులో కొట్టివేసింది. అంతవరకు బాగానే ఉన్నది. కాని 1976 ఏప్రిల్ 28న అదే న్యాయస్థానం, ఎమర్జెన్సీ కాలంలో నిర్బంధితుడు తన స్వేచ్ఛ కోసం హైకోర్టుకు వెళ్ళే వీలు లేదని తేల్చింది. ఐదుగురిలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. కాపలా కాయవలసిన చోటే కాపలా లేకుండా పోయింది. లోక్‌సభ తన గడువును తానే పొడిగించుకున్నది. 1976 మార్చిలో ముగియవలసిన సభ ఏడాది పాటు, ఆ తరువాత ఇంకొంత కాలం కొనసాగేలా చట్టాలు చేసుకున్నది. 42వ సవరణ లోక్‌సభ కాలాన్నే ఆరేళ్ళకు పెంచింది. వీటిలో ఏదీ చట్టవిరుద్ధం కాదు. అన్నిటికీ సభలో అధిక సంఖ్య ఉన్నది. సంఖ్య ఉన్నంత మాత్రాన అది యేభుయ్యసిక కాదని వినయం ఎందుకు పది కారణాలు చెప్పిందో ఇక్కడ తెలుస్తుంది.

దెబ్బలు ఎవరికి తగిలాయో కూడా చెప్పాలి. జైళ్ళకు వెళ్ళిన నాయకుల పేర్లు చరిత్రకెక్కాయి. ఉత్తరాది పల్లెల్లో, పట్టణపు మురికివాడల్లో బలవంతంగా కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలకు గురైనవారి పేర్లు ఎక్కలేదు. చిన్న ఉద్యోగులకు, ఉపాధ్యాయులకు కేసుల కోటాలు పెట్టారు. కోటా నింపడానికి ఎవరిని పట్టుకుంటారు? అడిగే దిక్కు లేనివారిని. ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు వద్ద ఇళ్ళు కూల్చినప్పుడు కాల్పులు కూడా జరిగాయి. మన హైదరాబాదులో, 1975 డిసెంబరు 1న, ముషీరాబాదు జైలులో భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీశారు.

1977 జనవరి 18న శ్రీమతి గాంధీ ఎన్నికలు ప్రకటించారు. ఎందుకు ప్రకటించారన్నదానికి నూరు సమాధానాలున్నాయి. నాకు ముఖ్యమనిపించేది ప్రకటనకూ పోలింగుకూ మధ్య గడిచిన రెండు నెలలు. నాయకులు జైళ్ళ నుండి బయటికి వచ్చారు. సెన్సారు సడలింది. నాలుగు పక్షాలు జనతా పేరుతో ఒక గొడుగు కిందికి చేరాయి. ఫిబ్రవరి 2న బాబూ జగ్జీవన్ రామ్ మంత్రివర్గం నుండీ కాంగ్రెసు నుండీ తప్పుకున్నారు. నెహ్రూ కాలం నుండి కేంద్ర మంత్రివర్గాల్లో ఉన్న నాయకుడు, దళితుల్లో కాంగ్రెసుకు పెద్ద దిక్కు. ఎమర్జెన్సీ ఆమోద తీర్మానాన్ని లోక్‌సభలో ప్రతిపాదించినది తానే అన్న సంగతి ఆయనను వెన్నంటే ఉంటుంది, అది న్యాయమే. అయినా ఆయన గడప దాటిన రోజున దేశంలో భయం సగం దిగిందని ఆ కాలపు సాక్షులు పలువురు రాశారు. ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో ఆయన మాట్లాడిన సభకు జనం వెళ్ళకుండా ఆ సాయంత్రం టెలివిజన్‌లో బాబీ సినిమా వేశారని చెప్పుకుంటారు. జనం సినిమా మాని సభకే వెళ్ళారు.

ఈ రెండు నెలలు లేకుండా, నాయకులు జైళ్ళలో ఉండగా, పత్రికలు మూగబోయి ఉండగా 1976లోనే పోలింగు జరిగి ఉంటే? పెట్టెలు ఉండేవి, కాగితాలు ఉండేవి, సంఖ్య ఉండేది. విషయం నడవవలసినంత దూరం నడవక ముందు తీసుకున్న శలాకలు అవి అయ్యేవి. 1977 ఓటుకు బలం ఇచ్చినది మార్చి పోలింగు ఒక్కటే కాదు, దానికి ముందు ఫిబ్రవరిలో మళ్ళీ మొదలైన మాట కూడా.

మార్చి 16 నుండి 20 వరకు పోలింగు జరిగింది. 32 కోట్ల ఓటర్లలో 19 కోట్లకు పైగా మంది, అంటే నూటికి 60 మందికి పైగా, ఓటు వేశారు. 1971లో అది 55 మాత్రమే. ఎన్నికల యంత్రాంగం ఆ సమయంలో నిలిచిన తీరును మనం తగినంతగా మెచ్చుకోలేదు. ప్రధాన కమిషనరు టి. స్వామినాథన్ మొదలు పాఠశాల గదిలో బెంచీ మీద కూర్చున్న ఉపాధ్యాయుడి వరకు అందరూ ఎమర్జెన్సీ ప్రభుత్వపు జీతగాళ్ళే. నిన్నటి దాకా శస్త్రచికిత్సల కోటా మోసిన ఉపాధ్యాయుడే ఈరోజు పోలింగు అధికారి. అయినా తెర వెనుక ముద్ర వేసే చోట ఓటరుకు తోడు ఎవరూ లేరు. కాగితాన్ని మడిచి పెట్టెలో వేసినాక అది ఎవరిదో ఎవరికీ తెలియదు. భూస్వామి పొలంలో కూలి చేసేవాడికి, కోటాకు భయపడి రాత్రిళ్ళు చెరకు తోటల్లో దాక్కున్నవాడికి ఆ తెర ఎంత ఆసరా అయిందో ఫలితాలు చెప్పాయి. ఉత్తరప్రదేశ్‌లోని 85 స్థానాల్లో, బీహారులోని 54 స్థానాల్లో కాంగ్రెసుకు ఒక్కటి కూడా రాలేదు. దేశం మొత్తం మీద జనతాకు 295, కాంగ్రెసుకు 154 వచ్చాయి. ప్రధానమంత్రి స్వయంగా రాయ్‌బరేలీలో ఓడిపోయారు. మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తివేశారు.

మన ఆంధ్రప్రదేశ్ మాట వేరు. ఇక్కడ 42 స్థానాల్లో 41 కాంగ్రెసుకే వచ్చాయి. నంద్యాల నుండి నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా పక్షాన గెలిచారు. కొద్ది నెలలకే రాష్ట్రపతి అయ్యారు. దక్షిణాది ఓటరుకు ప్రజాస్వామ్యం విలువ తెలియదని ఆ రోజుల్లో ఉత్తరాది వ్యాఖ్యాతలు కొందరు ఎగతాళి చేశారు. ఆ ఎగతాళి నిలవదు. శస్త్రచికిత్సల దౌర్జన్యం ఇక్కడ ఉత్తరాది స్థాయిలో సాగలేదు. ఇళ్ళ స్థలాలు, బంజరు పట్టాలు అందిన పేదలకు కాంగ్రెసు పేరు మరో అర్థంలో వినిపించింది. ఎవరి అనుభవాన్ని బట్టి వారు శలాక తీసుకున్నారు. వినయం అడిగినది కూడా అదే గదా, ఎవరి దృష్టి ప్రకారం వారు తీసుకోవాలని. అయితే ముషీరాబాదు ఉరికొయ్యలు మన రాష్ట్రపు ఓటులో కనిపించలేదన్నది కూడా నిజమే. పక్కవాడి గాయం మన శలాక రంగును మార్చలేదు.

కొత్త పార్లమెంటు చేసిన మరమ్మతు అసలైనది. 1978 నాటి 44వ సవరణ లోక్‌సభ కాలాన్ని తిరిగి ఐదేళ్ళకు తెచ్చింది. ఆంతరంగిక కల్లోలం అన్న సాగే మాటను తీసి సాయుధ తిరుగుబాటు అని రాసింది. మంత్రివర్గం లిఖితపూర్వకంగా కోరితే తప్ప రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటించరాదన్నది. నెలలోగా ఉభయ సభలు మూడింట రెండు వంతుల ఆధిక్యంతో ఆమోదించాలన్నది. ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన 21వ అధికరణాన్ని ఎమర్జెన్సీలో కూడా నిలిపివేయరాదన్నది. 1976 ఏప్రిల్ తీర్పుకు ఇది జవాబు. రాజ్యసభలో జనతాకు ఆ బలం లేదు, కాంగ్రెసు సభ్యులు కలిసి రానిదే ఈ సవరణ నెగ్గేది కాదు. ఓడినవారి చేతితో కూడా కంచె తిరిగి కట్టించడం ఆ ఓటు సాధించిన పెద్ద పని అని నా అభిప్రాయం.

ఆ బిల్లులో మరో ప్రతిపాదన కూడా ఉండేది. రాజ్యాంగపు మౌలిక లక్షణాలను మార్చాలంటే ప్రజాభిప్రాయ సేకరణ జరపాలన్నది దాని సారాంశం. రాజ్యసభ దానిని తిరస్కరించింది. వినడానికి ఎంతో ప్రజాస్వామికంగా ఉన్న ఆ ప్రతిపాదన పోవడం మంచిదే అయిందని పొరుగు దేశం నాలుగేళ్ళకే చూపింది. ఆ దేశం బౌద్ధులు అధికంగా ఉన్న శ్రీలంక కావడం మనకు బాధ కలిగించే సంగతి. ఆసియాలో మొట్టమొదట, 1931లోనే, స్త్రీపురుషులందరికీ ఓటు వచ్చిన నేల అది. అక్కడ కూడా 1977లోనే, జూలైలో, ఎన్నికలు జరిగి జె.ఆర్. జయవర్ధనె పక్షానికి 168లో 140 స్థానాలు వచ్చాయి. ఆ బలం చేజారకుండా ఉండడానికి, తదుపరి ఎన్నికలు జరపడానికి బదులు, 1982 డిసెంబరు 22న ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. ఉన్న పార్లమెంటునే మరో ఆరేళ్ళు కొనసాగించాలా వద్దా అన్నది ప్రశ్న. దీపం గుర్తుకు వేస్తే ఔను, కుండ గుర్తుకు వేస్తే కాదు. అత్యవసర పరిస్థితి అమలులో ఉండగా జరిగిన ఆ పోలింగులో నూటికి 54 మందికి పైగా దీపానికి వేశారు. 1977లో ఎన్నికైన సభ ఆ దశాబ్దం చివరి దాకా సాగింది. 1983 జూలైలో తమిళుల మీద మారణకాండ జరిగినప్పుడు ఆ సభకు ఓటరు ముందుకు వెళ్ళవలసిన గడువు దరిదాపుల్లో లేదు. ఓటు చేతనే ఓటును వాయిదా వేయించడం దేవదత్తుడి పద్ధతి. శలాకలున్నాయి, ప్రశ్నే అధర్మం.

మన దేశానికి తిరిగి వస్తే, 1977 మార్చిలో గెలిచిన వెలుగు మే నెలాఖరుకే మసకబారింది. మే 27న బీహారులోని బెల్చీ గ్రామంలో 11 మందిని చంపి మంటల్లో వేశారు. వారిలో అత్యధికులు దళితులు. రెండు నెలల క్రితం తెర వెనుక ముద్ర వేసిన చేతులే అవి. పెట్టె దాకా ఉన్న రక్షణ ఇంటి దాకా రాలేదు. మరుసటి ఏడు మహారాష్ట్ర శాసనసభ ఉభయ సభలూ మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి బాబాసాహెబ్ పేరు పెట్టాలని తీర్మానించాయి. ఎన్నికైన సభలు, సక్రమమైన తీర్మానం. దానికి జవాబుగా మరాఠ్వాడా పల్లెల్లో మన బౌద్ధ సోదరుల ఇళ్ళు తగులబడ్డాయి, ప్రాణాలు పోయాయి. తీర్మానం అమలు ఆగిపోయింది. 1994 జనవరి 14న గాని ఆ పేరు రాలేదు. 1978 నుండి లెక్కిస్తే పదహారేళ్ళు. ఆ పదహారేళ్ళలో నామాంతర ఉద్యమకారులు వీధుల్లో, జైళ్ళలో చేసిన పని ఓటు చేయలేనిది. వారు లేకుండా తీర్మానం కాగితంగానే ఉండేది. ఒక మనిషికి ఒక ఓటు ఉండి, ఒక మనిషికి ఒక విలువ లేని జీవితంలోకి అడుగు పెడుతున్నామని బాబాసాహెబ్ అన్నది ఈ వైరుధ్యాన్ని గురించే.

1980 జనవరిలో ఓటర్లు శ్రీమతి గాంధీనే తిరిగి తెచ్చుకున్నారు. ఈసారి ఆమె మన మెదక్ నుండి కూడా గెలిచారు. జనతా పక్షాన ప్రధానమంత్రి అభ్యర్థి జగ్జీవన్ రామ్, ఆ పక్షం చిత్తుగా ఓడింది. 1977 వ్యర్థమైందని అప్పుడు వాపోయినవారున్నారు. అట్లా అనుకోవడానికి కారణం కనిపించదు. ఆమె తిరిగి వచ్చినది 44వ సవరణ తరువాతి రాజ్యాంగం కిందికి, ఐదేళ్ళ సభకు. గయాశీర్షం నుండి వెనుకకు వచ్చిన ఐదువందల మందిని తథాగతుడు మళ్ళీ చేర్చుకున్నట్లే, నిన్న ఒక రంగు శలాక తీసుకున్న ఓటరు ఈరోజు మరో రంగు తీసుకోవచ్చు, తప్పు అనిపిస్తే ఎల్లుండి మార్చుకోవచ్చు. ఆ ఎల్లుండి తప్పక వస్తుందన్నదే 1977లో తిరిగి దక్కినది.

చివరగా మన ఇంటి విషయం. 1956 అక్టోబరు 14న నాగపూరులో దీక్ష తీసుకున్నవారికి ఓటు పోలేదు. కాని బౌద్ధులమని చెప్పుకున్నవారు షెడ్యూల్డు కులాల జాబితాకు వెలుపల పడ్డారు. రిజర్వుడు స్థానంలో ఓటు వేయవచ్చు, అభ్యర్థిగా నిలబడరాదు. ప్రాతినిధ్యం, పదవి అని 1919లో బాబాసాహెబ్ చెప్పిన రెండు హక్కుల మీదా ఆయన బాటన నడిచినందుకే దెబ్బ పడింది. ఎన్నో ఇళ్ళలో గోడ మీద బుద్ధుడు, దరఖాస్తు ఫారంలో హిందువు. 1989 నవంబరు ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. వి.పి. సింగ్ ప్రభుత్వం 1990లో షెడ్యూల్డు కులాల ఉత్తర్వును సవరిస్తూ బౌద్ధులను అందులో చేర్చే చట్టం చేసింది. అప్పటికి ముప్పై నాలుగేళ్ళు గడిచాయి, దీక్షాభూమిలో నిలబడిన తరంలో చాలామంది వెళ్ళిపోయారు. మరుసటి ఏడాదే జనాభా లెక్కలు జరిగాయి. గణకుడు గుమ్మంలో నిలబడి మతం ఏమిటని అడిగినప్పుడు, పిల్లల రిజర్వేషను పోతుందన్న భయం లేకుండా బౌద్ధం అని రాయించే వీలు కేంద్ర చట్టం ప్రకారం వారి సంతానానికి అప్పుడే మొదటిసారి కలిగింది.